కరివేపాకు చెట్టు మీద సత్యవతి

గవర్రాజు ఇంట్లో తెలివికి కొరత లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, గవర్రాజే అన్నాడు. వాన వస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని ఇంటికొచ్చే మనిషి ఆయన. భార్య మంగతాయారు ఇంకా తెలివైనది. పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమంటే, అవి పొంగి పొయ్యి ఆరిపోయేదాకా చూసి, మొత్తం చూశానని చెప్పేది. తమ్ముడు పేర్రాజు సంగతి సరేసరి, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ముగ్గురూ రోజూ భోజనాల దగ్గర ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నాకే కంచాలు తీసేవారు.

పక్కింటి నాగరత్నం ఫోనులో ఒక గ్రూపులో ఉండేది. దాని పేరు 'చిన్నప్రాణుల చిత్రశాల'. ముప్ఫై ఏడుగురు సభ్యులు. పెరట్లో పురుగు, పిట్ట, సాలీడు, తొండ, ఏది కనబడితే దాన్ని ఫొటో తీసి ఒకరు పెట్టడం, మిగతా ముప్ఫై ఆరుగురూ చూసీ చూడకుండానే అద్భుతం అనడం, అదీ అక్కడి పని. గ్రూపుకి పెద్ద లీలావతి టీచరు. బడిలో సైన్సు చెప్పి రిటైరయిన మనిషి. ఏటా పన్నెండు ఫొటోలు ఏరి క్యాలెండరు అచ్చు వేయించేది. ప్రతి ఫొటో కిందా తీసినవాళ్ళ పేరు ఉండేది.

ఆ పేరు మీదే మంగతాయారుకి మనసు పడింది. రేషను కార్డులో తప్ప తన పేరు అచ్చులో ఎక్కడా చూసుకోలేదావిడ. ఒక్కసారి అందమైన బొమ్మ కింద తన పేరు పడితే చాలు, జన్మలో ఇంకేమీ అడగనని మొగుడితో అంది. మనలాంటి తెలివైన వాళ్ళకి అదెంత పని అన్నాడు గవర్రాజు. నొక్కేది పేర్రాజు, పేరు మాత్రం మంగతాయారుది అనుకుని ముగ్గురూ గ్రూపులో చేరిపోయారు.

మొదటి రోజు బెండమొక్క మీద మిడత దొరికింది. ఫొటోలో ఆవగింజంత కనబడింది. ఇంకా దగ్గరికి వెళ్ళండి, ఎంత దగ్గరికి వెళితే అంత మంచిది అని టీచరు రాసింది. అంతే, పేర్రాజు వెళ్ళాడు. ఫోను మిడత వీపుకి ఆనేదాకా వెళ్ళాడు. ఫొటో తారు పూసినట్టు నల్లగా వచ్చింది. అదే పెట్టారు. పదకొండుమంది అద్భుతం అన్నారు. ఆ నలుపులో ప్రకృతి లోతు కనబడుతోందని ఒకాయన ఆరు వాక్యాలు రాశాడు. ఇంకేముంది, వీళ్ళ కాళ్ళు నేల మీద ఆగలేదు.

టీచరు ఒక్కతే ఓపిగ్గా ఇంకో సంగతి చెప్పింది. వెనకాల ఖాళీగా ఉంటే పురుగు కొట్టొచ్చినట్టు కనబడుతుందట. మిడత వెనకాల ఏమున్నాయి? బెండమొక్కలు. పీకేశారు. వాటి వెనకాల వంగమొక్కలు. అవీ పీకేశారు. వాటి వెనకాల బట్టల తీగ, దాని వెనకాల స్నానానికి కట్టుకున్న తడిక. తడిక లాగేసరికి లోపల నీళ్ళు పోసుకుంటున్న గవర్రాజు కనబడ్డాడు. ఆయన్నీ తప్పుకోమన్నారు. విషయం విని, సబ్బు నురగతోనే తప్పుకున్నాడాయన. సాయంత్రానికి వెనకాల అంతా ఖాళీ. ముందు కూడా ఖాళీయే, ఎందుకంటే మిడత కూర్చున్న మొక్క కూడా పీకేసిన వాటిలోనే ఉంది. పెరడు మొత్తానికి మిగిలింది కరివేపాకు చెట్టొకటి. దాని వేళ్ళు గట్టివి కాబట్టి మిగిలింది.

ఆ చెట్టు మీదే పచ్చటి గొంగళిపురుగు దొరికింది. వేలెడంత, బొద్దుగా, ముద్దుగా ఉంది. ఫొటో కింద పురుగు పేరు రాయాలన్నది టీచరు పెట్టిన నియమం. పేరు లేని దాన్ని ఎలా పంపుతామని, మంచిరోజు చూసి, తమలపాకు మీద కూర్చోబెట్టి, సత్యవతి అని నామకరణం చేశారు. వీధి వీధంతా శనగలు పంచారు. మీరు పెట్టింది కాదండీ, దాని అసలు పేరు కావాలంది టీచరు. అంతే, పేర్రాజు చెట్టు కింద పీట వేసుకుని, నీ అసలు పేరేమిటమ్మా అని పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా అడిగాడు. సత్యవతి ఆకు నములుతూనే ఉంది. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదని దానికి తెలుసు, ఎంత మర్యాదో అని మంగతాయారు మురిసిపోయింది. ఆ రోజు నుంచి లేత ఆకులన్నీ దానికే. ఇంట్లో చారు కరివేపాకు లేకుండానే పెట్టింది.

ఇలాంటి వాళ్ళని టీచరు ఎందుకు భరించిందంటారా? గ్రూపు మొత్తంలో ఆవిడ చెప్పింది చదివేది ఈ ముగ్గురే. మిగతా వాళ్ళు అద్భుతం అనేసి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

కొన్నాళ్ళకి సత్యవతి తిండి మానేసింది. కొమ్మకి వేలాడుతూ చుట్టూ గూడు కట్టుకుని లోపల పడుకుంది. ఆ కబురు విని టీచరు స్వయంగా ఫోను చేసింది.

"క్యాలెండరులో డిసెంబరు పేజీ ఒక్కటే మిగిలిందమ్మా. ఆ గూట్లోంచి అది బయటికొచ్చే క్షణం తీశారంటే, ఆ పేజీ మీదే."

కన్నార్పకుండా కనిపెట్టుకుని ఉండమంది. ఫోను పట్టుకున్న చెయ్యి కదలకూడదంది. ఫొటోలో ఒక్క ప్రాణే ఉండాలని, వేరేది ఏదైనా అడ్డొస్తే మెల్లగా తోలేయమని కూడా చెప్పింది. వచ్చేది సీతాకోకచిలుక అని మాత్రం చెప్పలేదు. అదీ చెప్పాలని ఆవిడకెలా తోస్తుంది?

ఇంకేముంది, కన్నార్పకూడదని ముగ్గురూ వంతులు వేసుకుని, రెప్పలు వేళ్ళతో ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. రెండో రోజుకి ఆరు కళ్ళూ చింతనిప్పులయ్యాయి. చెయ్యి కదలకూడదని పేర్రాజుని గుంజకి వేసి మోకులతో కట్టేశారు. నొక్కడానికి బొటనవేలొకటి వదిలారు, అక్కడ మాత్రం నిజంగానే తెలివి చూపించారు. వదినే అన్నం కలిపి నోట్లో పెట్టింది.

పదకొండో రోజు పొద్దున్నే గూడు చిట్లింది. లోపల్నుంచి నల్లటి రెక్కలు, వాటి మీద తెల్లటి చుక్కలు, తడితడిగా బయటికొచ్చాయి. చూసి ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"ఇదెవరే?" అన్నాడు గవర్రాజు.

"మన సత్యవతి కాదండి. అది పచ్చగా ఉంటుంది. దానికి రెక్కలెక్కడివి?" అంది మంగతాయారు.

"నొక్కెయ్యమంటావా వదినా?" అన్నాడు పేర్రాజు, బొటనవేలు పైకెత్తి.

"నొక్కకు. రావలసింది మన పిల్ల. వేరేది అడ్డొస్తే ఏం చెయ్యమన్నారు టీచరుగారు?"

అంతే, చీర కొంగుతో మెల్లగా, ఎంతో మర్యాదగా తోలేసింది. అది తడి రెక్కలతోనే గోడెక్కి నాగరత్నం పెరట్లోకి దిగింది. వీళ్ళు మళ్ళీ రెప్పలెత్తి పట్టుకుని సత్యవతి కోసం కూర్చున్నారు. ఇంకో రెండు రోజులు కూర్చుని, చివరికి గూట్లోకి తొంగి చూస్తే లోపల ఏమీ లేదు. అప్పుడు వాళ్ళకి అంతా అర్థమైంది. ఆ రెక్కలవాడెవడో లోపల దూరి పిల్లని మింగేశాడు.

మంగతాయారు ఏడ్చింది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి గాని, ఆవిడ ఏడుపు నిజం. రెండు పూటలు అన్నం ముట్టలేదు. పేజీ పోయినందుకు కొంత, సత్యవతి పోయినందుకు చాలా.

క్యాలెండర్లు వచ్చాయి. డిసెంబరు పేజీలో నాగరత్నం మల్లెపందిరి, దాని మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న సీతాకోకచిలుక, కింద నాగరత్నం పేరు. చూడగానే మంగతాయారు వీడేనంది. క్యాలెండరు చంకన పెట్టుకుని ముగ్గురూ పోలీసు స్టేషనుకి వెళ్ళారు. పిల్ల పోయిందని చెప్పి, దొంగ ఫొటో కూడా తామే తెచ్చామనేసరికి హెడ్డు కానిస్టేబులు ముచ్చటపడి, పోయిన పిల్ల వయసెంతన్నాడు. నెలరోజులండి అన్నారు. ఒంటి రంగు అడిగితే పచ్చరంగన్నారు. కాళ్ళెన్నో లెక్కపెట్టలేదన్నారు. ఆయన కలం మూసేశాడు. ఈ ఫొటోతో కాగితాలు అచ్చు వేయించి గోడలకి అంటించుకోండి, చూసినవాళ్ళు వచ్చి చెబుతారు అని చెప్పి వదిలించుకున్నాడు.

అచ్చాఫీసు వాడు మనసు పెట్టి వేశాడు. పైన 'వీడు కనబడితే తెలియజేయండి' అని, మధ్యలో రంగుల్లో సీతాకోకచిలుక, కింద పెద్ద అక్షరాలతో 'మంగతాయారు' అని. యాభై కాగితాలు.

"చూశావటే, బొమ్మ కింద నీ పేరు పడింది," అన్నాడు గవర్రాజు.

మంగతాయారు కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"నా పిల్లని మింగినవాడి కింద నా పేరేమిటండి?" అంది.

ఇంకేముంది, కత్తెర తెచ్చుకుని కూర్చుని, యాభై కాగితాల్లోంచీ తన పేరు వరకూ కత్తిరించి పారేసి, మిగతాది ఊరంతా అంటించి వచ్చింది.