శాస్త్రిగారి తొలి అడుగులు

మల్లెగిరి రాజు ఉదయభూపతికి పక్క రాజ్యం నుంచి లేఖ వచ్చింది. తమ రాకుమారుడు పదో నెలలోనే నడిచేశాడని అక్కడి రాజు రాశాడు. ఆ రోజు నుంచి ఉదయభూపతికి అన్నం సయించలేదు.

తన కొడుక్కి ఏడాది నిండబోతోంది. ఇంకా నడవలేదు.

"పుట్టినరోజు నాడు నా కొడుకు నిండు సభలో నడవాలి," అని ఆజ్ఞ వేశాడు.

పిల్లలు తొలి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద నడిపించడం ఆ దేశపు ఆచారం. అడుగు పడకముందే వంటశాలలో ఆరు గంపల అరిసెలు తయారయ్యాయి.

పుట్టినరోజు వచ్చింది. సభలో పట్టుగుడ్డ పరిచి, దాని మీద అరిసెలు వరసగా పేర్చారు. దాది అక్కమ్మ రాకుమారుణ్ణి చంక దించి నిలబెట్టి, మెల్లగా చెయ్యి వదిలింది.

రాకుమారుడు అటూ ఇటూ చూశాడు. చతికిలబడ్డాడు. దగ్గరున్న అరిసెను అందుకుని, ఉన్న నాలుగు పళ్ళతో పని మొదలుపెట్టాడు.

రాజు ముఖం మాడిపోయింది.

ఆస్థాన పండితుడు త్రివిక్రమశాస్త్రి లేచాడు. శాలువా సర్దుకుని, తాను రాసిన తాళపత్రం విప్పాడు.

"నాలుగో నెలలో బోర్లా పడాలి. ఆరులో కూర్చోవాలి. ఎనిమిదిలో పాకాలి. పన్నెండులో నడవాలి. ఆలస్యమైతే ఆ తప్పు పెంచినవాళ్ళది. ఈ దాది పిల్లవాణ్ణి పొద్దస్తమానం చంకనేసుకుని తిరుగుతోంది ప్రభూ. ఇక కాళ్ళకు పని ఎక్కడిది?"

"సాయంత్రంలోగా ఈమెను కోట దాటించండి," అన్నాడు రాజు.

పిల్లవాడు పుట్టిన రోజు నుంచి అతనికి జ్వరమొస్తే అక్కమ్మ పథ్యం ఉండేది. పిల్లవాడి వేళ్ళకంటిన అరిసె జిడ్డును కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే గుండన్న సింహాసనం పక్కనే ఉన్నాడు.

"శాస్త్రిగారూ, చిన్న సందేహం. ఈ నెలల లెక్క ఏ పిల్లవాణ్ణి చూసి రాశారు?"

"ఉత్తమ శిశువును చూసి," అన్నాడు శాస్త్రి.

"ఆ ఉత్తమ శిశువు ఎవరో?"

శాస్త్రి చిన్నగా దగ్గాడు. "చెప్పుకుంటే గొప్పలంటారు. నా మేధస్సు చూస్తే నా పసితనం ఎలా గడిచి ఉంటుందో ఎవరికైనా తెలియదా?"

"బాగా చెప్పారు. అయితే మీరు నడిచిన నెలే కొలత అనుకోవచ్చా?"

"నిస్సందేహంగా."

"మరి సాక్ష్యం ఉంటే ఇంకా బాగుంటుంది గదా ప్రభూ. శాస్త్రిగారి తల్లి ఊళ్ళోనే ఉన్నారు."

శాస్త్రి సంతోషంగా తల ఊపాడు. తన పసితనం తనకేం గుర్తుంటుంది?

పల్లకీలో సూరమ్మగారు వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటినా గొంతు ఖంగుమంటోంది. మీ అబ్బాయి ఎప్పుడు నడిచాడమ్మా అని రాజు అడగడమే ఆలస్యం.

"అయ్యో, అదొక కథ బాబూ. పేరేమో త్రివిక్రముడని పెట్టుకున్నాం, ఒక్క అడుగు పడితే ఒట్టు. పాకనే లేదు, పిర్రల మీద దేకాడు. శ్రావణంలో పుట్టాడా, ఏడాది నిండి, ఆపై పుష్యమాసంలో గానీ నడవలేదు. ఆ యేటి కొత్త బెల్లంతోనే అరిసెలు వండాను, నాకెందుకు గుర్తుండదు?"

గుండన్న వేళ్ళు మడిచాడు. "పదిహేడు నెలలు ప్రభూ."

"అమ్మా, ఇది రాజసభ," అన్నాడు శాస్త్రి గొంతు తగ్గించి.

"తెలుసులేరా. వీడికి మాటలొస్తే పంచదార చిలకలు పంచుదామని తెప్పిస్తే చీమలు తినిపోయాయి బాబూ. మూడేళ్ళు నిండాక నోరు విప్పాడు. విప్పినవాడు ఇంతవరకూ ముయ్యలేదనుకోండి. ఏడేళ్ళొచ్చినా నా కొంగు వదిలేవాడు కాదు. పద్నాలుగో ఏట గొంతు బొంగురు పోయిందా, మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. అద్దం ముందు నిలబడి రాని మీసం దువ్వుకునేవాడు..."

"అమ్మా, ఇక చాలు."

రాణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజు మాత్రం నవ్వలేదు. ఆలోచనలో పడ్డాడు.

గుండన్న శాస్త్రి చేతిలోని తాళపత్రం వైపు చెయ్యి చూపించాడు.

"ఆలస్యమైతే తప్పు పెంచినవాళ్ళదని ఇందులో ఉంది. రాకుమారుడికి గడువు నేటితో తీరింది. శాస్త్రిగారికి ఐదు నెలలు మీరింది. అంటే అక్కమ్మ కంటే ముందు సూరమ్మగారిని కోట దాటించాలి. పల్లకీ బయటే ఉంది."

శాస్త్రి ఒక్క ఉదుటున తల్లికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ముఖంలో పాండిత్యమంతా ఎటో పోయింది.

"మా అమ్మ జోలికి రాకండి. ఆవిడ తప్పేముంది? నన్ను కంటికి రెప్పలా సాకింది. నా కాళ్ళకు సత్తువ వచ్చినప్పుడు నేను నడిచాను. ఎవరు తొందరపెడితే మాత్రం పడుతుందా అడుగు?"

గుండన్న రాజువైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఈ మాటే రాకుమారుడు పొద్దుటి నుంచి మనవి చేయాలనుకుంటున్నాడు ప్రభూ. పాపం, ఇంకా మాటలు రాలేదు."

ముందు రాణిగారు నవ్వింది. తర్వాత రాజు సింహాసనం మీద వెనక్కి వాలి మరీ నవ్వాడు. సభ ఘొల్లుమంది. చివరికి శాస్త్రి కూడా తాళపత్రం చుట్టేసి, తల్లి భుజం మీద చెయ్యి వేసి నవ్వేశాడు.

రాజు తన వేలి ఉంగరం తీసి గుండన్న చేతిలో పెట్టాడు. సూరమ్మగారికి పట్టుచీర తెప్పించాడు. తర్వాత అక్కమ్మ వైపు చూశాడు.

"వీడు పెళ్ళిపీటల మీద కూర్చునేదాకా నువ్వు ఈ కోట దాటడానికి వీల్లేదు. ఇది నా ఆజ్ఞ," అన్నాడు.

అక్కమ్మ కళ్ళు తుడుచుకుని, పిల్లవాణ్ణి మళ్ళీ చంకనేసుకుంది.