గేదె ‘ఊఁ’ అనేదాకా

వాగు ఒడ్డున తుమ్మచెట్ల కింద నక్క ఒక కొట్టు పెట్టింది. అందులో అమ్మేదేమీ లేదు. మేతకొచ్చిన గేదెలు ఆ నీడన పడుకుంటే, చిట్టెమ్మ అనే గోరువంక వాటి ఒంటిని పట్టి నెత్తురు తాగే గోమార్లు ఏరుతుంది. ఏరినదంతా దాని తిండి. ఒళ్లు తేలికైన గేదెలు పోతూ పోతూ వాగులో దిగి బురద కలుపుతాయి. అప్పుడు పైకొచ్చిన పీతలు నక్కవి. ఎవరి కడుపు వాళ్లకి నిండేది.

గేదెలన్నిటికీ పెద్ద నీలమ్మ. దాని ఎడమ చెవిలో పుండు. ఆ చెవిని చిట్టెమ్మ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

“అక్కా, చెవిలోకి వస్తున్నా,” అనేది చిట్టెమ్మ.

నీలమ్మ కాసేపు నెమరేసి, “ఊఁ,” అనేది. అప్పుడు గాని ముక్కు లోపలికి పోయేది కాదు.

నేను కాలేజీలో చదివే రోజుల్లో రెండు వీధులు దాటి క్షవరానికి వెళ్లేవాణ్ణి. అక్కడి లింగమూర్తి మెడ మీద కత్తి పెట్టేముందు వేలితో మెల్లగా తట్టి, నేను తల వంచేదాకా ఆగేవాడు. మా వీధిలోనే అద్దాల సెలూన్ ఉన్నా నా కాళ్లు అటు పోయేవి కావు. సరే, నక్క సంగతి కదా చెబుతున్నాను.

నక్కకి ఈ ఆగడం నచ్చలేదు.

“ఏమే చిట్టెమ్మా, పని చేస్తున్నావా, పేరంటం చేస్తున్నావా? అవతల దున్నపోతు కాచుకునుంది.”

“చెవి కదా మావా. నెప్పి దానిది. అది రమ్మనాలి.”

“అది రమ్మనేసరికి పొద్దుగూకుతుంది. రేపట్నించి నువ్వు రాకు.”

మర్నాడు కాకి పనిలో చేరింది. నక్క తెలివితక్కువదేం కాదు, గేదెల అలవాటు గమనించే ఉంది. “చెవి దగ్గర ‘అక్కా, వస్తున్నా’ అను. ఆగకు మాత్రం,” అని నేర్పింది.

నీలమ్మ వచ్చి పడుకుంది. కాకి నేర్పినట్టే చేసింది. “అక్కా, వస్తున్నా” అంటూనే ముక్కు పుండులో దించింది.

నీలమ్మ తల విదిలించింది. కాకి వెళ్లి నక్క నెత్తిన పడింది. నీలమ్మ లేచి వాగు దాటింది. వెనకే మిగతా గేదెలూ లేచాయి.

“అమ్మా నీలమ్మా, ఆగమ్మా. ఆ మాట అనిపించాను కదా,” అంటూ నక్క వెంటపడింది.

“అనిపించావు. నేను ఊఁ అన్నానా?”

నక్క వెనక్కొచ్చి కాకిని తిట్టింది.

“ఆగితే నువ్వు ఊరుకునేవాడివా మావా?” అని కాకి ఎగిరిపోయింది.

అవతలి గట్టున చిట్టెమ్మ ఎండుకొమ్మ మీద కూర్చునుంది. పొద్దుట్నించి ఏమీ తినలేదు. నీలమ్మ వెళ్లి ఎండలోనే దాని పక్కన పడుకుంది. చెవి నుంచి నెత్తురు కారుతోంది. చిట్టెమ్మ ఎగిరొచ్చి నీలమ్మ కొమ్ము మీద వాలింది.

“అక్కా, చెవిలోకి వస్తున్నా.”

నీలమ్మ పలకలేదు. చెవి వణుకుతోంది. పుండు పక్కనే బాగా బలిసిన గోమారి ఒకటి కనిపిస్తోంది. చిట్టెమ్మ దాన్ని చూసి, చూపు తిప్పుకుని, రెక్కతో ఈగలు తోలుతూ కూర్చుంది.

ఎండ కాస్త తగ్గాక ఆ చెవి తనంతట తనే కిందికి వాలింది.

“ఊఁ,” అంది నీలమ్మ.

అప్పట్నించి గేదెలు అవతలి గట్టునే పడుకుని, వాగులో దిగకుండా అటునుంచే పోతున్నాయి. ఇవతల నీడ అలాగే ఉంది, నక్కా అలాగే కూర్చునుంది. వాగు మాత్రం అడుగు కనిపించేంత తేటగా పారుతోంది. ఒక్క పీతా పైకి రాదు.

నీతి: నేర్పిన మాట ఎవరైనా అంటారు, జవాబు వచ్చేదాకా పనివాణ్ణి ఆగనిచ్చిన కొట్టుకే వచ్చినవాళ్లు మళ్లీ వస్తారు.