ఏటిగడ్డ ఇంటి గొళ్ళేలు

ఇబాదుల్లాకు కోపం వచ్చింది. కోపం కంటే కూడా చిన్నతనంగా అనిపించింది.

ఆ ఏడు తుంగభద్ర పొంగి ఏటిగడ్డ వీధిని మొత్తం ఊడ్చుకుపోయింది. ఇళ్ళు పోయినవాళ్ళ కోసం బందగీ షా అనే ముసలి ఫకీరు తానూ శిష్యులూ ఉండే ఖాన్‌ఖా పక్కనే ఒక పొడవాటి ఇల్లు కట్టించాడు. ముందు వరండా, దాని వెంబడి గదులు, గదికో కుటుంబం. ఎవరిది ఏ కులమో, ఎవరిది ఏ మతమో అడగలేదు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని తాత అనేవాళ్ళు. శిష్యులు హజ్రత్ అనేవాళ్ళు.

ఆ శిష్యుల్లో ఇబాదుల్లా ఇత్తడి పోతపోయడంలో ఆరితేరినవాడు. నవాబుల దేవిడీలకు తలుపు సామాను చేసిన చెయ్యి అతనిది. ఈ ఇంటికి కూడా బందులు, పిడులు, గడియలు అన్నీ తానే చేశాడు. అన్నిటికీ ఒకటే అచ్చు, ఒకటే మెరుపు. పొద్దుటి ఎండ వరండాలోకి వాలితే తలుపులన్నీ ఒక్కసారిగా వెలిగేవి. ఇబాదుల్లా ముంగిట్లో నిలబడి వాటిని చూసుకుని మీసం దువ్వుకునేవాడు.

ఇల్లు సిద్ధమైంది. ఎవరూ రాలేదు.

గోడలు లేస్తున్నప్పుడు మాత్రం వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. నీళ్ళు తీశాక బురద తవ్వి, తమ పాత తలుపుల తాలూకు మిగిలినవేవో ఏరుకొచ్చారు. ఒకరు ఇనప గొళ్ళెం, ఒకరు రాగి కడియం, ఇంకొకరు నల్లబడ్డ టేకు గడియ. "ఇది మా తలుపుకు బిగించు నాయనా" అన్నారు.

"ఇది ఇల్లా, పాత సామాన్ల అంగడా?" అన్నాడు ఇబాదుల్లా.

వాళ్ళు తెచ్చినవి పట్టుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు కబురు పెడితే రేపొస్తామంటున్నారు. ఆ రేపు రావడం లేదు.

ఇబాదుల్లా గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆయన చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు.

"హజ్రత్, నవాబుకు ఎట్లా చేశానో వీళ్ళకూ అట్లాగే చేశాను. మంచి వస్తువు చేతికిస్తే తీసుకోవడం కూడా రాదా వీళ్ళకు?"

"ఎందుకు రాలేదో అడిగావా?"

"పిలిచాను కదా."

"పిలిచావు. అడిగావా?"

ఇబాదుల్లా లేచి ఏటిగట్టు దారి పట్టాడు.

గట్టు మీద గోనెపట్టాల గుడిసెలు. మొదటి గుడిసెలో కాశింబీ పొయ్యి ఊదుతోంది. ఆమె మొగుడు కమ్మరి. వరదకు చాలా ముందే పోయాడు. ఆమె ఇబాదుల్లాను చూసి కొంగు సర్దుకుని పీట వేసింది.

"ఎందుకు రావడం లేదమ్మా? గదిలో లోపమేమైనా ఉందా?"

"లోపమా! అంత చక్కటి ఇల్లు మా వంశంలో ఎవరెరుగుదురు నాయనా? ఒకసారి వచ్చి చూశా కూడా. తలుపు మీద చెయ్యి వేస్తే ఎవరో దొర ఇంటికి పనికి వచ్చినట్టనిపించింది. చెప్పులు బయటే విడిచి నిలబడ్డా. ఎంతసేపటికీ లోపలికి అడుగు పడలే."

ఆమె తలగడ కింద నుంచి ఇనప గొళ్ళెం తీసింది. తుప్పంతా అప్పటికే ఇటుక పొడితో తోమి పోగొట్టింది.

"మా పెళ్ళయిన కొత్తలో ఆయన చేసింది. ఇది తీస్తేనే నా ఇంట్లోకి నేను పోయినట్టుండేది."

ఇబాదుల్లా దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మొరటు పని. సుత్తి దెబ్బలు ఇంకా కనిపిస్తున్నాయి. కానీ కొండి మాత్రం ఎక్కడా వదులు కాలేదు.

తిరిగొచ్చి గురువు ముందు కూర్చున్నాడు.

"ఆమె బాధ అర్థమైంది హజ్రత్. కానీ ఇత్తడి పక్కన ఇనుము, ఇనుము పక్కన రాగి, దాని పక్కన కట్టె. చూసినవాళ్ళు నా పనిని చూసి నవ్వరా?"

అంతలో అజాన్ వినిపించింది. గురువు చేట పక్కన పెట్టి లేచాడు. ఇద్దరూ కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని మసీదులో వరుసలో నిలబడ్డారు.

నమాజు అయ్యాక మెట్లు దిగుతూ గురువు అడిగాడు.

"నీ కుడిపక్కన నిలబడ్డవాడి టోపీ ఏ రంగు?"

"గమనించలేదు హజ్రత్."

"చొక్కా కొత్తదా, మాసిందా?"

"అదీ చూడలేదు."

"మరేం చూశావు?"

"వరుస తిన్నగా ఉందా లేదా, భుజానికి భుజం తగిలిందా లేదా, అంతే."

ఖాన్‌ఖాకు వచ్చాక గురువు లోపలికి వెళ్ళి వడ్రంగుల దారపు ఉండ ఒకటి, సుద్దముక్క ఒకటి తెచ్చి ఇబాదుల్లా చేతిలో పెట్టాడు. మళ్ళీ చేట ముందు కూర్చుని రాళ్ళు ఏరుకోసాగాడు.

ఇబాదుల్లా మళ్ళీ గట్టుకు వెళ్ళి, ఎవరి పాత సామాను వాళ్ళు తెమ్మని గుడిసె గుడిసెకూ చెప్పొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే వరండా ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కట్టాడు. సుద్ద రుద్ది విదిలించాడు. తలుపులన్నిటి మీదా ఒకే ఎత్తున తెల్లటి గీత పడింది. తన బందులు అట్లాగే ఉంచి, గడియలూ పిడులూ ఊడదీశాడు.

నవాబు పని దీని ముందు పిల్లలాట. ఒకే అచ్చులో పోసినవాటిని బిగించడానికి చేతులుంటే చాలు. ఇక్కడ రాగి కడియానికి కుదురు లేదు, టేకు గడియ నీళ్ళకు వంకర తిరిగింది, ఇంకొకదానికి సగమే మిగిలింది. దేని బరువు దానిది, దేని మొండితనం దానిది. వంకరదాన్ని వేడి చూపించి తీర్చాడు. సగందానికి మిగతా సగం ఇత్తడితో పోశాడు. పాతదీ కొత్తదీ కలిసిన చోట అతుకు కనిపిస్తున్నా దాచలేదు. మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయాడు. కాశింబీ గొళ్ళెం గీత మీద సరిగ్గా కూర్చున్నప్పుడు, చిన్నప్పుడు మొదటిసారి పోత సరిగ్గా దిగిన రోజున కూడా ఎరగనంత గర్వం కలిగిందతనికి.

చివరి గదికి ఉరుకుందు వచ్చాడు, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని. ఏటి మీద గుండ్రటి పుట్టి పడవ నడిపే మనిషి.

"నీదేది? తెచ్చావా?" అన్నాడు ఇబాదుల్లా.

"నా కాడ ఏం లేదన్నా. పుట్టితో సహా అంతా ఏరే తీసుకునింది. నువ్వు చేసిందే ఒకటి పెట్టు."

ఇబాదుల్లా ఊడదీసిన గడియల పెట్టె తెరిచి చూపించాడు. అన్నీ ఒకటే అయినా ఉరుకుందు పెళ్ళాం ఒక్కొక్కటీ తీసి, తిప్పి, మళ్ళీ పెట్టి, ఆఖరికి ఒకదాన్ని పట్టుకుంది. అది బిగించాక ఇద్దరూ వంతులేసుకుని లాగి చూశారు, తోసి చూశారు.

"ఇంక ఇదే మాది" అన్నాడు ఉరుకుందు.

ఆ వారంలో గుడిసెలన్నీ ఖాళీ అయ్యాయి.

ఇంటికి కలప ఇచ్చిన రహమతుల్లా సేఠ్ గురువుతో కలిసి చూడ్డానికి వచ్చాడు. ఇబాదుల్లా పనితనం గురించి విని ఉన్నాడేమో, వరండా ఎక్కగానే మొహం చిట్లించాడు.

"ఇదేం పని? ఒకదానికొకటి పొంతనే లేదే!"

సేఠ్ మొదటి గొళ్ళెం మీద చెయ్యి వేసి, తలుపు తర్వాత తలుపు తాకుతూ నడిచాడు. ఇనుము, రాగి, కట్టె, ఇత్తడి. ఆ కొసకు చేరేదాకా చెయ్యి ఎక్కడా పైకి లేవలేదు, కిందికి దిగలేదు. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూశాడు. ఈసారి గొంతు మారింది.

"ఇందులో నువ్వు చేసింది ఏది?"

ఇబాదుల్లా చెయ్యి ఎత్తి చివరి తలుపు మీది ఇత్తడి గడియను చూపించబోయాడు.

గడపలో నిలబడి ఉన్న ఉరుకుందు ఛాతీ విరుచుకుని అన్నాడు: "అది నాది సామీ!"

ఇబాదుల్లా ఎత్తిన చెయ్యి మెల్లగా దించేశాడు. అతని కళ్ళు నిండాయి. మెడ మాత్రం నిటారుగానే ఉంది.

వెనక నుంచి గురువు అతని భుజం తట్టాడు.

"పద, చేతులు కడుక్కో. ఇల్లు పూర్తయింది."