మెగ్నీషియం చక్రం

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల చక్రాలకు మెరుగుపెట్టే గౌరీపతి అనే పనివాడు ఉండేవాడు. పనిలో దిట్టే గానీ, ఎవరైనా ఒక్క సలహా చెబితే చాలు, ఒంటికి కారం రాసినట్టు చిటపటలాడేవాడు. చక్రం చేతికి రాగానే గోటితో టంగుమని కొట్టి, ఇది ఇనుము, ఇది అల్యూమినియం అని తేల్చేసేవాడు. నూటికి తొంభైతొమ్మిది సార్లు అది నిజమయ్యేది కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది!

ఒకరోజు తెనాలి నుంచి హైమావతి టీచరుగారు నాలుగు చక్రాలు తీసుకొచ్చింది. అవి వాళ్ళ నాన్నగారు కుర్రతనంలో పందేల్లో నడిపిన కారువి. ఆదివారం ఆయన శతజయంతి. ఆ కారును ఊళ్ళో ఒక్క చుట్టు తిప్పాలని ఆవిడ కోరిక. నాలుగు చక్రాలకూ బూడిదరంగు పెయింటు దట్టంగా వేసి ఉంది.

"బాబూ, వీటిలో ఒకటి మాత్రం..." అని ఆవిడ ఏదో చెప్పబోయింది.

"మీరేం చెప్పక్కర్లేదమ్మా! నిశ్చింతగా వెళ్ళిరండి. శనివారానికి అద్దాల్లా మెరుస్తాయి" అని గౌరీపతి ఆవిణ్ణి సాగనంపేశాడు.

పక్క షెడ్డులో కాలేషా అనే పెద్దాయన లోహం కరిగించి చిన్నచిన్న సామాన్లు పోత పోస్తుండేవాడు. ఆయన వచ్చి చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"అబ్బాయ్, ఇవి పందెం కారువి అంటున్నావు. ఆ రోజుల్లో అలాంటి కార్లకు మెగ్నీషియం చక్రాలు కూడా వేసేవాళ్ళు. వెనకవైపు కాస్త గీకి, వినెగర్ చుక్క వేసి చూడు. బుడగలు పొంగితే మెగ్నీషియం. ఊరుకుంటే అల్యూమినియం. మెగ్నీషియం అయితే గ్రైండర్ పెట్టకు, దాని పొడికి ఇట్టే నిప్పంటుకుంటుంది" అన్నాడు.

"నాకే పాఠాలా బాబాయ్?" అన్నాడు గౌరీపతి. అయినా పెద్దాయన నోరు మూయించాలని సందు మూల ఉన్న నూడుల్స్ బండి నుంచి వినెగర్ తెచ్చి, పైనున్న చక్రాన్ని వెనకవైపు కాస్త గీకి ఒక చుక్క వేశాడు. చుక్క ఉలకలేదు, పలకలేదు.

"చూశావా? నా గోరు చెప్పిందే నిజం, అల్యూమినియమే!"

"మిగతావి కూడా చూడరా. పాత బళ్ళకు చక్రాలు మారుస్తూ ఉంటారు."

"ఒకటి చూస్తే నాలుగూ చూసినట్టే. నీ పని నువ్వు చూసుకో బాబాయ్."

కాలేషా తన షెడ్డుకు వెళ్ళిపోయాడు. గౌరీపతి మూడు చక్రాలకు ఉన్న పెయింటంతా గ్రైండర్‌తో లేపేశాడు. నాలుగోది ఎత్తగానే చేతికి తేలిగ్గా తగిలింది. మూడోవంతు బరువు తక్కువ! అక్కడైనా ఆగాడా మహానుభావుడు? 'అరిగిపోయి ఉంటుందిలే' అనుకుని గ్రైండర్ ఆన్ చేశాడు. సన్నటి పొడి బల్ల కింద కుప్ప పడింది. ఇంతలో చక్రంలో ఇరుక్కుపోయిన ఇనప బోల్టుకు గ్రైండర్ తగిలి రవ్వలు లేచాయి. ఒక రవ్వ ఆ పొడిలో పడింది.

భగ్గుమని తెల్లటి మంట లేచింది. కళ్ళు చూడలేనంత తెలుపు! చక్రం బల్ల మీదే ఉంది. అది కాలిపోతే మళ్ళీ ఎక్కడా దొరకదు. గౌరీపతి చటుక్కున నీళ్ళ బకెట్ ఎత్తాడు.

"నీళ్ళు వద్దురా! పేలిపోతుంది!" అని కేకేస్తూ కాలేషా దూసుకొచ్చి, వాణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగేశాడు. తన పోత పనికి ఉంచుకున్న ఎండు ఇసుక తట్ట తెచ్చి మంట మీద కుమ్మరించాడు. ఇంకో తట్ట పోశాడు. మంట అణగిపోయింది. పెద్దాయన మణికట్టు మాత్రం బొబ్బలెక్కింది.

గౌరీపతి ఆ చక్రం మీద ఒక వినెగర్ చుక్క వేశాడు. అది బుసబుసమని పొంగింది. అప్పుడు టీచరుగారికి ఫోన్ చేస్తే, "అవును బాబూ, నాన్నగారు వేయించిన మెగ్నీషియం చక్రం ఇప్పుడు ఒక్కటే మిగిలింది. మిగతా మూడూ తర్వాత కొన్నవి. ఆ రోజు అదే చెప్పబోయాను" అంది.

ఆ చక్రాన్ని ఇక గ్రైండర్ ముట్టలేదు. కాలేషా పక్కన కూర్చుని చెబుతుంటే, గౌరీపతి రంగు ఊడే మందు రాసి, చేత్తో మెల్లగా శుభ్రం చేశాడు.

శనివారం హైమావతి టీచరుగారు వచ్చింది. ఆ చక్రాన్ని చూసి కళ్ళు తుడుచుకుంది.

"మా నాన్నగారే తిరిగొచ్చినట్టుంది. నీ చేతి చలవ బాబూ! నీ మేలు మరిచిపోను" అంది. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళంతా మెచ్చుకోలుగా చూశారు.

ఊరుకుంటే ఆ పొగడ్త వాడికే దక్కేది. నిప్పు సంగతి ఆవిడకు తెలియనే తెలియదు. కానీ గౌరీపతి కాలేషా చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాడు.

"అమ్మా, నా చెయ్యి దీన్ని కాల్చేయబోయింది. మీరు చెప్పబోతే విన్లేదు, బాబాయ్ చెబితే కసిరాను. చక్రాన్నీ నన్నూ కాపాడింది ఈ చెయ్యి. బొబ్బలు చూడండి. దండం పెట్టాల్సింది బాబాయ్‌కి" అన్నాడు. చెబుతుంటే కళ్ళ నీళ్ళు జారాయి.

టీచరుగారు కాలేషాకు రెండు చేతులూ జోడించింది. పెద్దాయన సిగ్గుపడిపోయాడు.

"చాల్లే పిచ్చి సన్నాసీ! కళ్ళు తుడుచుకో. పద, అందరం టీ తాగుదాం" అన్నాడు.

నీతి: మన తప్పును ఆపబోయినవారు మనల్ని చిన్నబుచ్చేవారు కారు, మన మేలు కోరేవారు. వారి మాట వినాలి. వారు చేసిన మేలును నలుగురిలో నోరారా చెప్పుకోవాలి.