గుటక పడేదాకా

రత్నసాగర్ శిక్షణ ఇస్తుంటే ఎవరికీ కునుకు పట్టదని పేరు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి సేవ చేసే స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, కృష్ణ ఒడ్డున గుట్ట మీదున్న బౌద్ధ విహారానికి వచ్చి, తినిపించడం లాంటి పనులు అతని దగ్గర నేర్చుకునేవాళ్లు. అతను బొమ్మలు చూపించేవాడు, జట్లుగా కూర్చోబెట్టి ఆటలు ఆడించేవాడు, ప్రశ్నలపోటీ పెట్టేవాడు. వెళ్లేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

అలా నేర్చుకుని వెళ్లిన కరీమున్నీసా ఒకరోజు తిరిగొచ్చింది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు ఆమె జావ తాగిస్తుంటే పొలమారిందట. ఊపిరి అందక మనిషి నీలంగా మారిపోయాడట. ఆసుపత్రిలో ప్రాణం నిలబడింది గానీ, ఆ ఇంటివాళ్లు ఆమెను మళ్లీ గడప తొక్కనివ్వలేదు.

"మీరు బాగానే చెప్పారు సార్. పోటీలో బహుమతి కూడా నాకే వచ్చింది," అంది. "చెంచా చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు."

ఆమె అతన్ని తప్పు పట్టలేదు. మళ్లీ మొదటినుంచీ కూర్చుని నేర్చుకుంటానని మాత్రం అడిగింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

సాయంత్రం తన గురువైన బౌద్ధ భిక్షువు ధమ్మరక్షిత భంతే దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. పాఠంలో ఏదో లోపం ఉందన్నాడు. ఇంకో ఆట చేరుస్తానన్నాడు, గొంతు లోపల ఏం జరుగుతుందో చూపించే చిన్న సినిమా ఒకటి తెప్పిస్తానన్నాడు. భంతే చివరిదాకా విన్నాడు.

"నీకెవరైనా తినిపించారా, నాయనా?"

"చిన్నప్పుడు అమ్మ తినిపించే ఉంటుంది, భంతే. గుర్తు లేదు."



మర్నాడు తరగతి మొదలయ్యే వేళకు భంతే ఒక గిన్నెలో రాగిజావ పట్టుకుని హాల్లోకి వచ్చాడు. కిటికీ దగ్గర చాప వేయించి, రత్నసాగర్‌ను దిండ్లకు ఆనుకుని కూర్చోమన్నాడు. చేతులు కదపకూడదు, మాట్లాడకూడదు, కళ్లు తెరవకూడదు అన్నాడు. తను పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

కళ్లు మూసుకోగానే రత్నసాగర్‌కు భయం వేసింది. గిన్నెలో చెంచా తగిలిన చప్పుడు వినిపించింది. అది ఎటునుంచి వస్తోందో, ఎంత వేడిగా ఉందో, ఎప్పుడు నోట్లో పడుతుందో తెలియదు. ఇన్నేళ్లుగా తింటున్న నోరు తనది కానట్టు బిగుసుకుపోయింది.

చెంచా వచ్చి కింది పెదవికి తాకి ఆగింది.

లోపలికి రాలేదు. అతను నోరు తెరిచేదాకా అక్కడే ఉంది. జావ నాలుక మీద పడ్డాక చెంచా మెల్లగా వెనక్కి వెళ్లింది. అతను మింగాడు. ఆ గుటక పూర్తిగా దిగేదాకా రెండోది రాలేదు. ఒకసారి మింగడానికి చాలాసేపు పట్టింది. గురువు ఊపిరి కూడా తన కోసమే ఆగినట్టనిపించింది.

తనకోసం ఒక మనిషి ఇంతగా కనిపెట్టుకుని ఉండటం అతనికి ఊహ తెలిశాక ఎప్పుడూ జరగలేదు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్లు కారాయి. తుడుచుకుందామన్నా చెయ్యి ఎత్తకూడదు. భంతే తన కాషాయం కొంగుతో తుడిచాడు.

హాల్లో చిన్న అలికిడి. కార్యకర్తలు ఒక్కొక్కరే కుర్చీలు వదిలి వచ్చి చాప చుట్టూ కూర్చుంటున్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు.

భంతే లేచి గిన్నెను కరీమున్నీసాకు అందించాడు. ఆమె వెనక్కి జరిగింది.

"నాకు భయంగా ఉంది, స్వామీ."

"అతనికీ భయమే తల్లీ," అన్నాడు భంతే. "ఇద్దరూ కలిసి నేర్చుకోండి."

రత్నసాగర్ ఆ మాట విన్నాడు. పెద్దాయన నీలంగా మారిన సంగతి గుర్తొచ్చింది. లేచి వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరని తెలుసు. కదలకుండా ఉన్నాడు.

గిన్నె అంచుకు చెంచా పదేపదే తగిలింది. చాలాసేపటికి పెదవి మీద చల్లగా తాకి ఆగింది. అతను నోరు తెరిచాడు. మింగాడు. మళ్లీ తాకింది, మళ్లీ మింగాడు. నాలుగైదు చెంచాలయ్యేసరికి గిన్నె చప్పుడు తగ్గింది.

గురువు వద్దన్నాడని తెలిసినా ఉండబట్టలేక అతను కళ్లు కొద్దిగా తెరిచాడు.

కరీమున్నీసా అతని ముఖం వైపు చూడటం లేదు. రెప్పవేయకుండా అతని గొంతునే చూస్తోంది. అతను గుటక వేసినప్పుడు ఆమె గొంతు కూడా కదిలింది. ఆమె వెనక కూర్చున్నవాళ్ల గొంతులు కూడా కదిలాయి. వాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు.

రత్నసాగర్ మళ్లీ కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.