తాడు విప్పిన గవరయ్య

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్లో కొబ్బరితాళ్లు పేనేవాళ్ల వీధి, ఆ వీధి మొదట్లో పొద్దున్నే ఒక కేక.

"గాలివానకు కప్పు పోయినవాళ్లంతా వాకిట్లోకి రండి. వీధిపెద్ద మంగన్న వస్తున్నాడు."

గవరయ్య అప్పటికే వాకిట్లో ఉన్నాడు. లోపల కూర్చుందామంటే ఇల్లేదీ? మొన్నటి గాలివానలో దూలం విరిగి కప్పు కూలింది. దాని కింద పడి భార్య నూకాలు పోయింది. పసిపిల్ల పైడి చింకిచాప కప్పుకుని తండ్రి పక్కన కూర్చుంది. మబ్బులు మళ్లీ కమ్ముతున్నాయి.

ఆ వీధిలో మంచి కట్టుబాటు ఒకటుండేది పిల్లలూ. ఏటా ఇంటికో మోపు తాటాకు, దాంతోపాటు ఓ వెదురుబొంగు ఉమ్మడి కొట్టంలో వేసేవారు. ఎవరి కప్పు పోయినా అందులోంచే కొత్తది వేసేవారు. అయితే ఒక మాట మాత్రం ఖాయం: "గాలి పడగొడితే వీధిది, పుచ్చి పడితే ఇంటివాడిది." మరి అలా లేకపోతే ఎవడిల్లు వాడు చూసుకుంటాడా?

గవరయ్య దూలం పుచ్చిందే. నూకాలు ముందే చూసింది.

"ఏమయ్యా, దూలంలోంచి పొడి రాలుతోంది. మార్చరాదూ," అంది.

"నా తాడుండగా దూలానికి భయమేంటే," అని అతను తాడు చుట్టాడు.

మళ్లీ అంది. మళ్లీ చుట్టాడు.

మూడోసారి, "అన్నంలో కూడా పడుతోందయ్యా," అంది. దూలం కనబడకుండా చుట్టేసి, "ఇప్పుడు రాలమను చూద్దాం," అని నవ్వాడు. నూకాలూ నవ్వింది.

గాలివానకు ఆ తాడు తెగలేదు. లోపల దూలమే విరిగింది.

నూకాలు తమ్ముడు పోలయ్య దగ్గరికొచ్చి గొణిగాడు. "బావా, గాలి అనెయ్. అంత బిగువు తాడు విప్పి ఎవడు చూస్తాడు? అక్క ఎలాగూ రాదు. పిల్లదాని మొహం చూడు."

గవరయ్య చూశాడు. చూసి తల దించుకున్నాడు.

మంగన్న వచ్చి, విరిగిన దూలం మీద చెయ్యేసి, "గాలేనా గవరయ్యా?" అన్నాడు మెల్లగా. అవునంటే చాలు, కప్పు వచ్చేస్తుంది.

గవరయ్య కత్తి తీసి తాడు కోసి విప్పేశాడు. పిండిలాంటి పొడి జలజలా రాలింది.

"గాలి అంటే నూకాలు మాట అబద్ధమైపోతుంది పెద్దయ్యా. బతికుండగా వినలేదు. పోయాకైనా దాని మాట నిలబెట్టనీ."

మంగన్న ఆ పొడిని వేళ్లతో నలిపి చూశాడు. "కట్టుబాటు కట్టుబాటే. కొట్టంలోంచి ఒక్క ఆకు కూడా ఇవ్వలేను," అని వెళ్లిపోయాడు.

కాసేపటికి తిరిగొచ్చాడు. భుజాన తన పశువులపాక కోసం దాచుకున్న తాటిదూలం ఉంది. "ఇది కొట్టంలోది కాదు, మా ఇంట్లోది," అన్నాడు. వెనక పోలయ్య ఆకుమోపుతో వచ్చాడు. ఆ వెనక వీధంతా వచ్చింది.

పొద్దువాలేసరికి కప్పు లేచింది. ఇళ్లకు వెళ్లినవాళ్లు ఎవరి దూలాలు వాళ్లు తట్టి చూసుకున్నారు. వీధంతా అదే చప్పుడు.

వాన మొదలైంది. ఆడవాళ్లు అన్నం వండి తెచ్చారు. కొత్తకప్పు కింద అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. పైడి ముద్ద పట్టుకుని పైకి చూసింది.

"నాన్నా, పొడి పడదుగా?"

"పడదమ్మా, చూశాను. రేపూ చూస్తాను. తిను."

లోపాన్ని దాచిన తాడు ఎంత గట్టిదైనా ఇంటిని నిలపలేదు. ఆలస్యంగా చెప్పిన నిజం పోయినవాళ్లను తేలేదు గానీ, ఉన్నవాళ్లకు నీడ తెస్తుంది.