ధాన్యం బడిలో గవరయ్య సిగ్గుపడ్డ కథ

అనగనగనగా, సముద్రపు నీళ్ళు వీధి చివరిదాకా వచ్చి కాళ్ళు తడిపి పోయే ఒక రేవు పట్నం. పాలరేవు అనేవారు దాన్ని. ఆ రేవుకి ఓడలొచ్చేవి. ఇసక దేశం నుంచి వచ్చేవి, మంచు దేశం నుంచి వచ్చేవి, పేరు పలకడం రాని దీవుల నుంచి వచ్చేవి. ఎందుకూ? ధాన్యానికి. వాళ్ళకి పండదు, మనకి పండుతుంది, అంతే కదా.

అయితే ఏమైందంటే, రేవులో కొందరు వర్తకులు బస్తా పైన మంచి గింజలు, కింద తాలు పోసి అమ్మేశారు. కొందరు పచ్చి ధాన్యం ఓడకెత్తారు. అది దారిలోనే ముక్కిపోయింది. ఓడలు రావడం తగ్గిపోయింది. అప్పుడు రాజుగారు ఆలోచించాడు. కొనేవాడికి కొనడం తెలిస్తే మోసపోడు, మోసపోనివాడు మళ్ళీ వస్తాడు అనుకున్నాడు. అనుకుని, పై దేశాల కొనుగోలుదార్ల కోసం ఒక బడి పెట్టించాడు. ధాన్యం బడి. ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ బడికి పంతులు గవరయ్య శెట్టి. అరవై ఏళ్ళవాడు. గుప్పెడు గింజలు తీస్తే ఏ కాలవ కింద పండాయో చెప్పేసేవాడు. గోతాంలో మోచేతి దాకా చెయ్యి పెట్టండి అనేవాడు. పైది చూడకండి, అడుగుది తీయండి అనేవాడు. తీసింది పంటి కింద పెట్టండి, టక్కుమంటే ఎండింది, మెత్తగా నలిగితే పచ్చి అనేవాడు. ఇసక దేశం వాళ్ళూ నమిలారు, మంచు దేశం వాళ్ళూ నమిలారు, దీవుల వాళ్ళూ నమిలారు. బడి అంతా టక్కు టక్కు టక్కు.

గింజ సంగతి అయ్యాక ధర సంగతి. ధర మన చేతిలో ఉండదు, ఇవాళ ఎక్కుతుంది, రేపు దిగుతుంది. అందుకని డబ్బంతా ఒక్కసారి గుమ్మరించకండి అని చెప్పేవాడు. మూడు వాటాలు చెయ్యండి. ఒక వాటాకి ఇవాళే కొనండి. ఒక వాటాకి, కోతలకి ముందే ధర ఖాయం చేసుకుని బయానా ఇవ్వండి. మూడో వాటా చేతిలో ఉంచుకుని, కోతలయ్యాక చూసి కొనండి.

మెలూరి అని దీవి నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. వాళ్ళ రాణి పంపింది. తెలుగు కూడబలుక్కుని మాట్లాడేది, మిగతావాళ్ళు నవ్వేవారు. ఆవిడ లేచి, ముందే ధర ఖాయం చేసుకున్నాక ధర తగ్గిపోతే నష్టం కదా గురువుగారూ అని అడిగింది. గవరయ్య మురిసిపోయాడు. దొంగ రాలేదని కాపలావాడికి జీతం ఎగ్గొడతామా అమ్మా, ఇదీ అంతే, నిశ్చింతకి ఇచ్చే జీతం అన్నాడు. ఆవిడ ఆ మాట తాటాకు మీద రాసుకుంది. ఆవిడ అన్నీ రాసుకునేది.

ఇప్పుడు చెప్తాను అసలు సంగతి. ఇంత బాగా చెప్పిన గవరయ్య ఆ ఏడాది ఏం చేశాడనుకున్నారు? భాద్రపదంలో వానల్లేవు. కరువు తప్పదు, ధర మండిపోతుంది అనుకుని, బస్తా రెండేసి వరహాలు పోసి, తన డబ్బంతా ఒక్కసారే ధాన్యంలో పెట్టేశాడు. మూడు వాటాలూ లేవు, బయానా లేదు. కొట్టు నిండా బస్తాలు. తీరా ఆశ్వయుజం వచ్చేసరికి వాన పట్టుకుంది. చేలు పచ్చబడ్డాయి. కోతలైతే ధర సగమైపోతుందని అతనికి తెలుసు. ఊళ్ళో అందరికంటే బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడు చదువు పూర్తయింది. అందరూ బజారుకెళ్ళి మూడో వంతు కొనుక్కుంటున్నారు. మెలూరి గవరయ్య ఇంటికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. మా దీవిలో ఉప్పునీళ్ళు చేలల్లోకొచ్చాయి, ఈ ఏడు పండింది లేదు, ఇది మా ఊరందరి డబ్బు, మీరు చెప్పినట్టే మూడు వాటాలు చెయ్యనా అని అడిగింది.

గవరయ్య నోరు తెరిచాడు. చెయ్యమ్మా అని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ కొట్లో బస్తాలు కళ్ళముందు కదిలాయి.

"ఈ ఏడు వేరమ్మా," అన్నాడు. "ధర ఇంకా ఎక్కుతుంది. అంతా ఇప్పుడే కొనెయ్యి. నా దగ్గరే ఉంది, మంచి సరుకు."

సరుకు మంచిదేలే, అందులో అబద్ధం లేదు. మాటలోనే ఉంది అబద్ధం. ఆవిడ వంగి దణ్ణం పెట్టి, సంచీ అంతా అతని ముందు కుమ్మరించింది. ఓడ వెళ్ళిపోయింది.

మార్గశిరంలో కోతలయ్యాయి. బస్తా ఒక్క వరహా. చేతిలో డబ్బుంచుకున్నవాళ్ళందరూ ఓడలు నింపుకుని, గురువుగారి చలవ అని అతని కాళ్ళకి దణ్ణం పెట్టి పోయారు. ఒక్కొక్క దణ్ణానికీ గవరయ్య కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

కొత్త జట్టు వచ్చింది. బడి మొదలైంది. మళ్ళీ గోతాలు, మళ్ళీ టక్కు టక్కు. మూడు వాటాల పాఠం చెప్పబోతున్న రోజున గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చూస్తే మెలూరి. మెళ్ళో ఎప్పుడూ ఉండే గొలుసు లేదు. చేతులు బోసిగా ఉన్నాయి. చేతిలో ఒక చిన్న మూట.

పట్టుకెళ్ళిన ధాన్యం చాల్లేదుట. దీవిలో పిల్లలకి ఒక పూటే గంజి పోస్తున్నారుట. ఆడవాళ్ళందరూ ఒంటిమీది బంగారం తీసిచ్చారుట. దానితో ఇంకొంచెం కొందామని వచ్చింది. ఇదంతా చెప్పి, గవరయ్యకి దణ్ణం పెట్టి, అందరి ముందూ అంది కదా:

"గురువుగారూ, తప్పు నాదే. మీ భాష నాకు సరిగ్గా రాదు. పాఠం తప్పుగా అర్థం చేసుకున్నాను. కొనేముందు ఇంకోసారి వింటాను, ముందు వరసలో కూర్చోనిస్తారా?"

కొత్తవాళ్ళు కిసుక్కున నవ్వారు. గవరయ్య నవ్వలేదు. అలాగని, తప్పు నీది కాదమ్మా అని కూడా అనలేదు. కూర్చో అన్నాడు. అదీ, అదే పిల్లలూ, అన్నిటికంటే పాడు పని. నమ్మినావిడ తప్పు నెత్తినేసుకుంటుంటే, ఊరుకుని వేసుకోనిచ్చాడు. పాఠం చెప్పాడు. ఆవిడ పాత తాటాకు తీసి, రాసుకున్నదాంట్లో తప్పెక్కడుందా అని వేలు పెట్టి వెతుక్కుంటోంది. ఎక్కడుంటుంది? అతను చెవులు కాలిపోతుంటే గోతాల వైపు చూస్తూ చెప్పాడు.

ఇంటికెళ్ళాడు. కోడలు కనకరత్నం అన్నం పెట్టింది. బడిలో గోతాల నుంచి మచ్చుకి గింజలు తీసి సర్దేది ఆవిడే, కొట్టు తాళాలూ ఆవిడ దగ్గరే. అన్నీ తెలుసు. గవరయ్య ముద్ద కలిపి కూర్చున్నాడు, నోట పెట్టుకోలేదు. ఆవిడ దెప్పలేదు, సాధించలేదు.

"మావయ్యగారూ," అంది మజ్జిగ పోస్తూ, "ఆవిడ తప్పుగా అర్థం చేసుకున్నది ఏ పాఠం? రేపు నేనూ వచ్చి వింటాను. నాకూ అర్థం కావాలి."

గవరయ్య విస్తట్లో చెయ్యి కడిగేసుకున్నాడు. భూమి చీలితే బావుణ్ణనిపించింది. చీలదు కదా. ఉండాలి, ఉండి మొహం చూపించాలి.

మర్నాడు బడికెళ్ళాడు. పీట మీద కూర్చోలేదు. రాజుగారి మనిషిని కూడా పిలిపించాడు. కనకరత్నం వెనక గోడకానుకుని నిలబడింది.

"ఈవిడ పాఠం సరిగ్గానే నేర్చుకుంది," అన్నాడు. కొత్తవాళ్ళ వైపు తిరిగాడు. "నేనే తప్పు చెప్పాను. పొరపాటున కాదు, తెలిసే చెప్పాను. నా బస్తాలు అమ్ముడుపోవాలని ఈవిడ ఊరి డబ్బు లాక్కున్నాను. నిన్న మీరు నవ్వుతుంటే ఊరుకున్నాను."

మెలూరి అతన్నే చూస్తోంది. తిట్టలేదు. తాటాకు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "మా అమ్మ తన గంజి పిల్లలకి పోసేస్తోంది గురువుగారూ," అంది, అంతే. ఆ మాటకి అతను తల దించేశాడు.

ఆ వేళే గవరయ్య, మెలూరి దగ్గర ఎక్కువ తీసుకున్న ప్రతి వరహాకీ కొత్త ధాన్యం కొని ఓడకెత్తించాడు. ఎత్తే ప్రతి బస్తాలోనూ మెలూరి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు గింజ తీసి కొరికి చూసింది. అతని ఎదురుగానే చూసింది. చూడాలి మరి. బంగారం మూట విప్పకుండానే తిరిగెళ్ళింది. ఎవరి గాజులు వాళ్ళకి ఇచ్చేసిందిట. దీవిలో రెండు పూటలా పొయ్యి వెలిగింది.

రాజుగారు ఏమన్నాడంటే, అమ్మేవాడు బడిలో పంతులుగా ఉండకూడదు అన్నాడు. సొంత వ్యాపారం లేని కనకరత్నాన్ని పంతులమ్మని చేశాడు. ఆవిడ పాఠాలకి ఓడలు ఇంకా ఎక్కువొచ్చాయి. అలాగని గవరయ్యని పూర్తిగా మానిపించలేదు. ఏడాదికొక్క రోజు, చదువు ఆఖర్న, ఒక పాఠం అతను చెప్పాలి. సరుకున్నవాడిని ధర ఎక్కుతుందా దిగుతుందా అని అడక్కండి, అతను గురువైనా సరే అని. ఎందుకో కూడా చెప్పాలి, మెలూరి పేరు చెప్పి చెప్పాలి.

ఏటేటా చెప్పాడు. ఏటేటా చెవులు కాలేవి. అలవాటైపోతుంది అనుకున్నాడు, అవలేదు. అయినా మానలేదు. ఎనభయ్యేళ్ళు వచ్చాక కూడా కర్ర పట్టుకుని వెళ్ళి చెప్పాడు. ఒక ఏడు ముందు వరసలో దీవి నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుంది. పాఠమయ్యాక లేచొచ్చి, మా పెద్దమ్మ మెలూరి మిమ్మల్ని అడిగి రమ్మంది, ఒంట్లో బావుందా తాతగారూ అంది. గవరయ్య ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. బావుందన్నట్టు తల ఊపాడు.

మీరూ అంతేరా నాన్నా. తప్పు చేస్తే చేశామని చెప్పండి. అవతలివాళ్ళు తప్పు నాదే అంటుంటే మాత్రం ఊరుకోకండి.

ఇంక కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.